అడ్రినల్ గడ్డ, ఫియోక్రోమోసైటోమా అనుమానం: ఆపరేషన్ బదులు కొత్త మాత్ర వాడొచ్చా?

కాలువగట్టు (పాలకొల్లు)

మా మేనత్తకి 44 ఏళ్లు, బరువు 58 కిలోలు. బీపీ మామూలప్పుడు 150/90 దగ్గర ఉంటుంది. ఉన్నట్టుండి 210/120 దాకా ఎగబాకి అరగంటలో దిగిపోతుంది. ఎక్కినప్పుడల్లా తలపోటు, ఒళ్లంతా చెమట, గుండెదడ. రాజమండ్రిలో తీయించిన సీటీలో కుడి అడ్రినల్ (కిడ్నీ మీద ఉండే గ్రంథి) మీద 4.2 సెంటీమీటర్ల గడ్డ కనిపించింది. అది ఫియోక్రోమోసైటోమా, అంటే ఎడ్రినలిన్ లాంటి హార్మోన్లు తయారుచేసే గడ్డ, కావచ్చంటున్నారు. కాంట్రాస్ట్ ఎక్కించకముందు దాని సాంద్రత 34 హౌన్స్‌ఫీల్డ్ యూనిట్లని రాశారు. 24 గంటల మూత్రంలో ఆ హార్మోన్ల నుంచి తయారయ్యే పదార్థాలు చూశారు: నార్‌మెటానెఫ్రిన్ గరిష్ఠ పరిమితికి 5 రెట్లు ఉంది, మెటానెఫ్రిన్ మామూలుగానే ఉంది. ఇప్పుడు వాడుతున్నవి ఆమ్లోడిపిన్ 5, తలనొప్పికని రాత్రిపూట ఎమిట్రిప్టిలిన్ 10.

అడగాల్సినవి ఇవండీ. మూత్రం పరీక్ష మళ్లీ చేయించాలా? దడ తగ్గడానికి ముందు ప్రొప్రనొలాల్ మొదలుపెడదామంటున్నారు, పెట్టొచ్చా? ఈ జబ్బుకి బెల్జుటిఫాన్ అని కొత్త మాత్ర వచ్చిందట, కోత లేకుండా దాంతో సరిపెట్టుకోవచ్చా? ఇంకొకటి, ఆవిడది మేనరికం. ఇద్దరు పిల్లలు, అబ్బాయికి 19, అమ్మాయికి 14. వాళ్లకి కూడా పరీక్ష చేయించాలా?


గౌతమీ ల్యాబ్ (కాకినాడ)

పరీక్ష సంగతి నేను చెబుతాను, మిగతావి డాక్టర్లు చూసుకుంటారు.

5 రెట్లంటే తీసిపారేసే అంకె కాదు. పరిమితికి 3 రెట్లు దాటితే తప్పుడు పాజిటివ్ అవడం అరుదు. 34 యూనిట్ల సాంద్రత కూడా దానికి సరిపోతోంది. కొవ్వు ఎక్కువుండే మామూలు అడ్రినల్ గడ్డలు 10 లోపు ఉంటాయి, 10 లోపు ఉన్న గడ్డ ఫియో అయ్యే అవకాశం దాదాపు లేదు. అయినా ఒకసారి మళ్లీ చేయించమనే అంటాను, కారణం ఎమిట్రిప్టిలిన్. ఈ రకం మందులు నరాల కొసల్లోంచి వచ్చిన నార్ఎడ్రినలిన్‌ని తిరిగి లోపలికి పోనివ్వవు. దాంతో నార్‌మెటానెఫ్రిన్ ఒక్కటే పెరిగినట్టు కనిపిస్తుంది, మెటానెఫ్రిన్ పెరగదు. మీ రిపోర్టు వాలకం సరిగ్గా అదే. మందు ఒక్కదానివల్లే 5 రెట్లు పెరగడం కష్టం, కానీ ఎంత మందుది, ఎంత గడ్డది అన్నది తేలాలి. రాసిన డాక్టరుకి చెప్పి ఆపించండి, రెండు వారాలు ఆగి పరీక్ష చేయించండి. వెన్లాఫాక్సిన్, లెవోడోపా, జలుబు మాత్రల్లో ఉండే సూడోఎఫెడ్రిన్ కూడా ఇలాగే తప్పుదోవ పట్టిస్తాయి. కొన్ని యంత్రాల్లో పారాసెటమాల్ సైతం అడ్డొస్తుంది. ముందు అయిదు రోజుల్లో వేసుకున్న ప్రతి మాత్ర పేరూ ఫారం వెనక రాసివ్వండి.

మూత్రం పట్టడంలో జరిగే పొరపాట్లు ఎక్కువ. ఉదయం లేవగానే మొదటిసారి వచ్చింది పారబోయాలి, టైము రాసుకోవాలి. అక్కణ్నుంచి వచ్చిందంతా డబ్బాలోకి, మర్నాడు అదే టైముకి వచ్చింది కూడా డబ్బాలోకే. డబ్బా అడుగున ల్యాబ్ వాళ్లు పోసిన ఆసిడ్ ఉంటుంది. కడిగేస్తారు కొందరు, అది చెయ్యకూడదు. నేరుగా అందులోకి పోస్తే చింది చర్మం కాలుతుంది, వేరే గ్లాసులో పట్టి మెల్లగా వంచాలి. మన ఎండలకి డబ్బాని బాత్రూంలో వదిలేయకండి, ఫ్రిజ్‌లో గాని, ఐసు పెట్టిన థర్మోకోల్ పెట్టెలో గాని ఉంచండి. రిపోర్టులో 24 గంటల క్రియాటినిన్ ఉందో లేదో చూడండి. ఆడవాళ్లలో కిలోకి 15 నుంచి 20 మిల్లీగ్రాములు రావాలి. అంటే 58 కిలోలకి 870 నుంచి 1160. 500 అని ఉంటే సగం మూత్రం డబ్బాలోకి రాలేదన్నమాట, అప్పుడు ఆ 5 రెట్లు కూడా నిజానికి తక్కువ చూపించినట్టే. బాగా ఎక్కువుంటే ఒక రోజు దాటి పట్టారని అర్థం.

రక్తంలో చూసే ఫ్రీ మెటానెఫ్రిన్ అయితే ఇంకా మంచిది, కానీ సరిగ్గా తీస్తేనే. సూది ముందే పెట్టి, 20 నుంచి 30 నిమిషాలు వెల్లకిలా పడుకోబెట్టి, లేపకుండా తీయాలి. కుర్చీలో కూర్చోబెట్టి తీస్తే నార్‌మెటానెఫ్రిన్ పెరుగుతుంది. కూర్చోబెట్టి తీసినది నార్మల్ వస్తే నమ్మొచ్చు, ఎక్కువ వస్తే పడుకోబెట్టి మళ్లీ తీయాల్సిందే. తీసిన ట్యూబు ఐసులో పెట్టి, వెంటనే ప్లాస్మా వేరు చేసి గడ్డకట్టించి పంపాలి. చిన్న కలెక్షన్ సెంటర్లలో ఈ ఏర్పాటు ఉండదు, అడిగి తెలుసుకున్నాకే ఇవ్వండి.

పరగడుపున తీయించండి. కాఫీ, చుట్ట, సిగరెట్ ఏవీ వద్దు. ముందురోజు అరటిపండ్లు, అనాస, టమాటా మానండి. రావులపాలెం చుట్టుపక్కల ఈ మాట చెబితే నవ్వుతారు గానీ, అరటిపండులో డోపమిన్, నార్ఎడ్రినలిన్ నిజంగానే ఉంటాయి. రక్తంలోని ఫ్రీ నార్‌మెటానెఫ్రిన్ మీద వాటి ప్రభావం పెద్దగా ఉండదు. కానీ డోపమిన్ నుంచి తయారయ్యే 3-మెథాక్సీటైరమిన్‌నీ, మూత్రంలో మొత్తంగా కొలిచే నార్‌మెటానెఫ్రిన్‌నీ పెంచుతాయి.

బీపీ ఎక్కినప్పుడే శాంపిల్ తీయాలని చాలామంది కాచుకుని కూర్చుంటారు. అక్కర్లేదు. ఎడ్రినలిన్ రక్తంలోకి విడతలు విడతలుగా వదిలినా, దాన్ని మెటానెఫ్రిన్‌గా మార్చే పని గడ్డ కణాల్లోపల రాత్రింబగళ్లు జరుగుతూనే ఉంటుంది. అందుకే ఎప్పుడు తీసినా దొరుకుతుంది. వీఎంఏ అనే పాత మూత్ర పరీక్ష ఒక్కటే చేసి నార్మల్ అని ఇస్తే మాత్రం దాన్ని పట్టుకుని ధీమాగా ఉండకండి, చాలా కేసులు దానికి చిక్కవు.


మత్తు డాక్టరు (అమలాపురం)

రెండో ప్రశ్న ఈ రోజే తేల్చుకోవాలి, అందుకని ముందు అది. ప్రొప్రనొలాల్ ముందు వద్దు. ఎటినొలాల్, మెటోప్రొలాల్ కూడా వద్దు.

ఎందుకంటే, ఎడ్రినలిన్ రక్తనాళాల మీద రెండు రకాల గ్రాహకాల ద్వారా పనిచేస్తుంది. ఆల్ఫా నాళాన్ని బిగిస్తుంది, బీటా కండరాల్లోని నాళాల్ని కాస్త వదులు చేస్తుంది. బీటాని ముందు మూసేస్తే బిగించేది ఒక్కటే మిగులుతుంది. అప్పుడు బీపీ ఇంకా పైకి పోతుంది, అదే సమయంలో గుండె పంపు చేసే బలం తగ్గుతుంది. ఊపిరితిత్తుల్లో నీరు చేరడం దాకా వెళ్లొచ్చు. కాబట్టి ముందు ఆల్ఫా బ్లాకర్. అది కనీసం మూడు నాలుగు రోజులు పనిచేశాక, అప్పటికీ గుండె వేగం ఎక్కువుంటేనే బీటా బ్లాకర్. లాబెటలాల్ రెండూ చేస్తుంది కదా అంటారు. దానిలో బీటా పాలు ఆల్ఫా కంటే ఎన్నో రెట్లు ఎక్కువ, మొదటి మందుగా పనికిరాదు. చిన్న ఆసుపత్రుల్లో బీపీ ఎక్కిందంటే చేతికందే ఇంజెక్షన్ అదే, అందుకే చెబుతున్నాను.

ఇంకో మూడు జాగ్రత్తలు. వాంతులకి వేసే మెటోక్లోప్రమైడ్ ఇంజెక్షన్ ఈ గడ్డని రెచ్చగొట్టగలదు. ఆయాసానికో, ఒళ్లు నొప్పులకో ఊళ్లో వేసే స్టెరాయిడ్ ఇంజెక్షన్ కూడా అంతే. ఇక గడ్డలోకి సూది గుచ్చి ముక్క తీస్తామని ఎవరైనా అంటే ఒప్పుకోకండి. గుచ్చితే నిల్వ ఉన్నదంతా ఒక్కసారిగా రక్తంలోకి వస్తుంది, పైగా ఆ ముక్క చూసి చెప్పగలిగేదీ ఏమీ ఉండదు. ఈ మూడూ, బీటా బ్లాకర్ మాటా ఒక కాగితం మీద తెలుగులో, ఇంగ్లీషులో రాసి ఆవిడ పర్సులో పెట్టండి. పిల్లలకి ఫోటో తీసి పంపండి.

ఆపరేషన్‌కి ముందు 7 నుంచి 14 రోజులు సిద్ధం చేయాలి. ఫినాక్సీబెంజమిన్ అయితే 10 మిల్లీగ్రాములు రోజుకి రెండుసార్లతో మొదలుపెట్టి, రెండు మూడు రోజులకోసారి పెంచుతారు. సాధారణంగా రోజుకి కిలోకి 1 మిల్లీగ్రాము దగ్గర ఆగుతుంది. డాక్సజోసిన్ అయితే 2 మిల్లీగ్రాములతో మొదలు, అవసరాన్ని బట్టి 32 దాకా. నా ఓటు ఫినాక్సీబెంజమిన్‌కే. అది గ్రాహకాన్ని పట్టుకుంటే వదలదు. టేబుల్ మీద సర్జన్ గడ్డని కదిపినప్పుడు ఎంత ఎడ్రినలిన్ వచ్చినా దాన్ని పక్కకి నెట్టలేదు. మిగతావాటిని నెట్టగలదు.

మోతాదు సరిపోయిందా లేదా అన్నది రోగం లక్షణాలతో కాదు, కొలతలతో తేల్చాలి. చేతికి కట్టే పట్టీ ఉన్న మిషన్ వాడండి, మణికట్టు మిషన్ వద్దు. ఉదయం, సాయంత్రం కూర్చుని ఒకసారి, లేచి నిలబడ్డ ఒక నిమిషానికి, మూడు నిమిషాలకి మళ్లీ. కూర్చున్నప్పుడు 130/80 లోపు, నిలబడ్డప్పుడు పై అంకె 90కి తగ్గకుండా ఉండాలి. నాడి కూర్చుంటే 60 నుంచి 70, నిలబడితే 70 నుంచి 80. ఈ పట్టిక పుస్తకంలో రాసి తీసుకురండి, మత్తు ఇచ్చేవాళ్లు మొదట చూసేది అదే.


కాలువగట్టు (పాలకొల్లు)

చాలా థాంక్సండీ. ప్రొప్రనొలాల్ మొదలుపెట్టలేదు, ఆపించాను. ఒక సందేహం. ఆవిడకి బీపీ కదా అని ఇన్నాళ్లూ ఉప్పు లేని కూడు పెడుతున్నారు. ఇప్పుడు డాక్టరు గారు ఉప్పు పెంచమన్నారని చెబితే ఇంట్లో ఎవరూ నమ్మట్లేదు. నిజమేనా?


హార్మోన్ వార్డు (విశాఖపట్నం)

నిజమే. అయితే ఆల్ఫా బ్లాకర్ మొదలైన రెండో మూడో రోజు నుంచి మాత్రమే, అంతకుముందు కాదు.

నెలల తరబడి నాళాలు బిగుసుకుని ఉంటే లోపల తిరిగే రక్తం పరిమాణమే తగ్గిపోతుంది. ఆల్ఫా బ్లాకర్ ఆ నాళాల్ని వదులు చేయగానే గొట్టాలు పెద్దవవుతాయి, నింపడానికి ద్రవం చాలదు. నిలబడితే కళ్లు తిరిగి పడిపోతారు. గడ్డ తీసేశాక అయితే బీపీ పాతాళానికి పోతుంది. ఆ ఖాళీని ఉప్పుతో, నీళ్లతో ముందే నింపాలి. రోజుకి 5 గ్రాముల సోడియం పైన, అంటే సుమారు 12 గ్రాముల ఉప్పు, రెండు టీ చెంచాల పైచిలుకు. వంటలో మామూలుగా పడేది పోను మిగతాది ఉప్పేసిన మజ్జిగ, చారు, ఆవకాయ, ఊరమిరపకాయల రూపంలో ఇవ్వొచ్చు. ఎండుచేపలు వద్దు. వాటిలో ఉప్పున్న మాట నిజమే గానీ నిల్వలో టైరమిన్ పుడుతుంది, అది ఎడ్రినలిన్‌ని బయటికి తోస్తుంది. కొబ్బరినీళ్లు తాగొచ్చు, అయితే ఉప్పు లెక్కలో వేయకండి. వాటిలో ఉండేది ఎక్కువగా పొటాషియం. నీళ్లు రెండున్నర, మూడు లీటర్లు. ఆపరేషన్ ముందురోజు సాయంత్రం నుంచి సెలైన్ లీటరు, రెండు లీటర్లు ఎక్కిస్తారు. గుండె బలహీనంగా ఉన్నా, కిడ్నీ జబ్బున్నా ఈ ఉప్పు లెక్క వర్తించదు. అందుకే ముందు ఎకో తీయించుకోవాలి. ఈ గడ్డ వల్ల గుండె కండరం దెబ్బతినే వాళ్లున్నారు.

ఆల్ఫా బ్లాకర్‌తో ముక్కు దిబ్బడ వేస్తుంది. దాదాపు అందరికీ వస్తుంది, అది మందు పనిచేస్తోందనడానికి గుర్తు కూడా. ఇక్కడే ప్రమాదం. ఇంట్లోవాళ్లు జలుబనుకుని మందుల షాపుకి వెళ్లి ఫినైలెఫ్రిన్ ఉన్న మాత్ర తెచ్చి వేస్తారు. అది నాళాల్ని బిగించే మందు. ఉప్పునీటి చుక్కలు, ఆవిరి, అంతే.

మత్తు డాక్టరు గారితో ఒక్క చోట తేడా. ఫినాక్సీబెంజమిన్ ప్రతి ఊళ్లో దొరకదు. దొరికేదాకా ఆపరేషన్ వాయిదా వేయడం కంటే డాక్సజోసిన్‌తోనో, ప్రజోసిన్‌తోనో మొదలుపెట్టడం మేలు. నెదర్లాండ్స్‌లో 134 మందిని రెండు గుంపులుగా చేసి ఫినాక్సీబెంజమిన్, డాక్సజోసిన్ పోల్చిన ప్రిస్క్రిప్ట్ ట్రయల్ 2020లో వచ్చింది. ఆపరేషన్ సాగినంతసేపట్లో బీపీ హద్దు దాటి ఉన్న సమయం రెండు మందుల్లోనూ ఒకేలా తేలింది. ఫినాక్సీబెంజమిన్ గుంపులో మత్తు డాక్టర్లు బీపీ సర్దడానికి వాడిన మందులు తగ్గాయి, ఆ మాటా నిజమే. ప్రజోసిన్ అయితే మొదటి మాత్ర రాత్రి మంచం ఎక్కాకే వేయాలి. వేసుకుని వంటింట్లోకి వెళితే కళ్లు తిరిగి పడతారు. మన వేసవి ఉక్కకి చెమట పోస్తుంటే ఇంకా త్వరగా పడతారు.


మత్తు డాక్టరు (అమలాపురం)

ఒప్పుకుంటాను. బీపీ హద్దులో ఉండి, నిండా నీళ్లు పట్టిన రోగి అయితే ఏ ఆల్ఫా మందైనా నాకు పర్లేదు. మోతాదు పెంచకుండా రెండు వారాలు అదే మాత్ర మింగించి తీసుకొచ్చేస్తారు చూడండి, దాంతోనే చిక్కు.

ఎక్కడ చేయించాలి అన్నదానికి ఒక మాట. 4.2 సెంటీమీటర్లు కాబట్టి లాప్రోస్కోపీ కుదురుతుంది, 6 దాటితే పొట్ట తెరిచి చేయడం వైపు మొగ్గుతారు. కుడివైపు అడ్రినల్ సిర పొట్టిగా ఉండి నేరుగా పెద్ద సిరలోకి కలుస్తుంది, ఎడమవైపు కంటే జాగ్రత్త ఎక్కువ కావాలి. కాబట్టి గాల్‌బ్లాడర్ ఆపరేషన్లు ఎన్ని చేశారని కాదు, అడ్రినల్‌వి ఎన్ని చేశారని అడగండి. ధమనిలో గొట్టం పెట్టి క్షణక్షణం బీపీ చూసే ఏర్పాటు, ఐసీయూ ఉండాలి. గడ్డ బయటికి వచ్చాక ఒకటి రెండు రోజులు బీపీతో పాటు షుగర్ కూడా చూడాలి. అప్పటిదాకా ఎడ్రినలిన్ అణిచిపెట్టిన ఇన్సులిన్ ఒక్కసారిగా వదులుతుంది, షుగర్ పడిపోతుంది. మత్తులో ఉన్న మనిషికి చెమట పట్టినా ఎవరికీ అనుమానం రాదు.


పరిశోధన వైపు (హైదరాబాద్)

మూడో ప్రశ్నకి వస్తాను. బెల్జుటిఫాన్ మాట అబద్ధం కాదు, కానీ అది ఆవిడ కోసం కాదు.

కణాలకి ఆక్సిజన్ తగ్గినప్పుడు హిఫ్-2 ఆల్ఫా అనే ప్రోటీన్ నిలిచి, కొత్త రక్తనాళాలు వేయమని, పెరగమని జన్యువులకి చెబుతుంది. ఆక్సిజన్ సరిపడా ఉంటే వీహెచ్ఎల్ అనే ప్రోటీన్ దాన్ని చెత్తలో వేయిస్తుంది. ఈ యంత్రాంగం కనిపెట్టినందుకే కేలిన్, రాట్‌క్లిఫ్, సెమెంజాలకి 2019లో వైద్యశాస్త్ర నోబెల్ వచ్చింది. వీహెచ్ఎల్ చెడినా, ఎస్‌డీహెచ్ జన్యువులు (కణంలో శక్తి తయారీకి కావాల్సినవి) చెడినా ఆక్సిజన్ ఉండగానే కణం లేనట్టు ప్రవర్తిస్తుంది, గడ్డ పెరుగుతుంది. బెల్జుటిఫాన్ ఆ హిఫ్-2 ఆల్ఫాని అడ్డుకుంటుంది. 2021లో వీహెచ్ఎల్ జబ్బుకి (ఆ జన్యువు చెడి వంశపారంపర్యంగా గడ్డలు వచ్చే జబ్బు) అమెరికా ఎఫ్‌డీఏ అనుమతి ఇచ్చింది. 2025 మే నెలలో ఫియోక్రోమోసైటోమా, అడ్రినల్ బయట వచ్చే ఇలాంటి గడ్డలైన పారాగాంగ్లియోమాలకి కూడా ఇచ్చింది, 12 ఏళ్లు దాటిన వాళ్లకి. అయితే ఆ అనుమతిలోనే షరతు ఉంది: ఆపరేషన్‌తో తీయలేని, ముదిరిన లేదా వేరే చోట్లకి పాకిన జబ్బుకి మాత్రమే.

దానికి ఆధారమైన లైట్‌స్పార్క్-015 ట్రయల్లో 72 మంది. గడ్డ చెప్పుకోదగ్గంత చిన్నదైంది 26 శాతం మందిలో. చిన్నదైన వాళ్లలో ఆ ఫలితం నిలిచిన మధ్యస్థ కాలం 20.4 నెలలు. పాకిన జబ్బుకి ఇది మంచి వార్తే. ఒకే చోట ఉన్న 4.2 సెంటీమీటర్ల గడ్డకి మాత్రం ఆపరేషన్ చేస్తే గడ్డ మొత్తం పోతుంది, మాత్ర మింగితే నలుగురిలో ఒకరికి తగ్గుతుంది, అదీ మింగినంతకాలం. రోజుకి 120 మిల్లీగ్రాములు. రక్తహీనత దాదాపు ఖాయం, ఎందుకంటే ఎర్ర రక్తకణాలు తయారుచేయించే ఎరిత్రోపాయిటిన్ కూడా ఇదే హిఫ్ చేతిలో ఉంది. రక్తంలో ఆక్సిజన్ తగ్గొచ్చు, ఇంట్లో పల్స్ ఆక్సీమీటర్ ఉండాలి. కడుపులో బిడ్డకి హాని, పైగా కొన్ని రకాల గర్భనిరోధక మాత్రల్ని పనిచేయకుండా చేస్తుంది. హీమోగ్లోబిన్ 9 దగ్గర తిరిగే మన ఆడవాళ్లకి ఇది తేలిగ్గా రాసే మందు కాదు.

పాకిన జబ్బుకి ఇంకేమున్నాయంటే, సునిటినిబ్ అనే కాన్సర్ మాత్ర మీద యూరప్‌లో 78 మందితో ఫస్ట్‌మాప్ ట్రయల్ జరిగింది, 2024లో అచ్చయింది. ఈ జబ్బులో ఉత్తుత్తి మాత్రతో పోల్చి చేసిన మొదటి ట్రయల్ అదే. రోజుకి 37.5 మిల్లీగ్రాములు వాడినవాళ్లలో ఏడాదికి జబ్బు పెరగకుండా ఉన్నవాళ్లు 36 శాతం, ఉత్తుత్తి మాత్ర వాడినవాళ్లలో 19 శాతం. చిక్కేమిటంటే సునిటినిబే బీపీని పెంచుతుంది. రేడియోధార్మిక అయోడిన్ తగిలించిన ఎంఐబీజీ (గడ్డ కణాలు పీల్చుకునే పదార్థం) ప్రత్యేక రూపానికి అమెరికాలో 2018లో అనుమతి వచ్చింది, కంపెనీ 2024లో తయారీ ఆపేసింది. పాత పద్ధతి ఎంఐబీజీ వేరు, అది ఇంకా వాడుకలో ఉంది.

మన దగ్గర చేతికందేది లుటీషియం-177 డోటాటేట్, అంటే గడ్డని పట్టుకుని అక్కడే రేడియేషన్ ఇచ్చే మందు. లుటీషియం ట్రాంబేలోని ధ్రువ రియాక్టర్‌లో తయారవుతుంది, సగం ఆయువు ఆరున్నర రోజుల పైచిలుకు. ముందు గాలియం డోటాటేట్ పెట్ స్కాన్‌లో గడ్డలు బాగా వెలిగితేనే ఈ చికిత్సకి అర్థం. వెలగకపోతే మందు గడ్డని పట్టుకోదు. సాధారణంగా ఒక్కో విడతకి 200 మిల్లీక్యూరీలు, 8 వారాల ఎడంతో 4 విడతలు. కిడ్నీలు కాపాడటానికి లైసిన్, ఆర్జినిన్ సెలైన్‌తో పాటు ఎక్కిస్తారు. ఆ రోజున ఆల్ఫా బ్లాకర్ ఆపకూడదు. మందు ఎక్కుతున్నప్పుడో, తర్వాత కొద్ది రోజుల్లోనో గడ్డ కణాలు పగిలి బీపీ పేట్రేగొచ్చు.

ట్రయల్లో చేరుస్తామని ఎవరైనా ఫోన్ చేస్తే సీటీఆర్ఐ (ట్రయల్స్ నమోదు చేసే మన దేశపు రిజిస్ట్రీ) నంబరు అడగండి. 2009 జూన్ నుంచి మన దేశంలో ప్రతి ట్రయల్ అందులో నమోదవ్వాలి. సైట్‌లో ఆ నంబరు కొట్టి చూడండి, ఏ ఊళ్లో జరుగుతోంది, ఎవర్ని చేర్చుకుంటారు, ఎవర్ని చేర్చుకోరు అన్నీ ఉంటాయి. చాలా వాటిలో ‘ఆపరేషన్‌కి వీల్లేని జబ్బు’ అన్న షరతు అక్కడే కనబడుతుంది, మీ ప్రశ్న అక్కడే తేలిపోతుంది. అంగీకార పత్రం తెలుగులో ఇవ్వాలి, ఇంటికి తీసుకెళ్లి చదువుకోనివ్వాలి. కొత్త మందులు, ట్రయల్స్ మీద వచ్చిన 2019 నిబంధనల ప్రకారం ట్రయల్ వల్ల హాని జరిగితే వైద్యం ఉచితం, పరిహారం ఉంది. పరీక్షిస్తున్న మందుకే డబ్బు కట్టమంటే అక్కడితో ఆపి, ఎథిక్స్ కమిటీ ఫోన్ నంబరు అడగండి. అది ఆ పత్రంలోనే ఉండాలి.


కాలువగట్టు (పాలకొల్లు)

అయితే ఆపరేషన్‌కే వెళతాం. పిల్లల సంగతి మిగిలింది. మేనరికం వల్లే ఇది వచ్చిందని ఇంట్లో ఒకటే గొడవ.


హార్మోన్ వార్డు (విశాఖపట్నం)

మేనరికం వల్ల వచ్చేది కాదిది. మేనరికంతో వచ్చే జబ్బులకి తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి, రెండు చెడిన కాపీలు కావాలి. దీనికి ఒక్క చెడిన కాపీ చాలు, ఆ కాపీ బిడ్డకి వచ్చే అవకాశం సగం. ఎవర్నీ తప్పుపట్టాల్సిన పని లేదని ఇంట్లో చెప్పండి. అయితే మేనరికం వల్ల లెక్క కాస్త చిక్కుపడుతుంది. తల్లివైపు, తండ్రివైపు ఒకే కుటుంబం కాబట్టి వంశవృక్షం మూడు తరాలు గీసుకుని వెళ్లండి. చిన్న వయసులో ఉన్నట్టుండి పోయినవాళ్లు, పురుట్లోనో, ఆపరేషన్ టేబుల్ మీదో బీపీ పెరిగి పోయినవాళ్లు, మెడలో గడ్డ, థైరాయిడ్ కాన్సర్, కిడ్నీ గడ్డ, కంటి వెనక రక్తనాళాల గడ్డ ఉన్నవాళ్లని గుర్తుపెట్టండి.

ఈ గడ్డలున్నవాళ్లలో సుమారు మూడో వంతు మందికి పుట్టుకతో వచ్చిన జన్యులోపం ఉంటుంది. అందుకే వయసుతో, కుటుంబ చరిత్రతో పని లేకుండా అందరికీ జన్యు పరీక్ష గురించి చెప్పాలి. మీ అత్తయ్య గారికి నార్‌మెటానెఫ్రిన్ ఒక్కటే పెరిగింది. ఎమిట్రిప్టిలిన్ ఆపాక కూడా అదే వాలకం ఉంటే వీహెచ్ఎల్, ఎస్‌డీహెచ్ వైపు ముందు చూస్తాం. మెటానెఫ్రిన్ కూడా పెరిగి ఉంటే ఆర్ఈటీ, ఎన్ఎఫ్1 అనే జన్యువుల వైపు. ఒక్కో జన్యువుకి విడిగా డబ్బు పెట్టకుండా ప్యానెల్ (అన్నీ ఒకేసారి చూసే పరీక్ష) చేయించండి. మొదట ఆవిడకే, పిల్లలకి కాదు. ఆవిడలో లోపం దొరికితే పిల్లల్లో ఆ ఒక్కటే వెతకొచ్చు, ఖర్చు బాగా తగ్గుతుంది. ఆవిడలో దొరకకపోతే పిల్లలకి జన్యు పరీక్ష చేయించినా తేలేదేమీ ఉండదు.

ఎస్‌డీహెచ్ జన్యువుల్లో ఒకటైన ఎస్‌డీహెచ్‌డీకి ఒక వింత గుణం ఉంది. తండ్రి నుంచి వస్తేనే గడ్డలు వేస్తుంది. తల్లి నుంచి వస్తే లోపం ఉంటుంది గానీ సాధారణంగా జబ్బు రాదు. అలాంటి కొడుక్కి జబ్బు లేకపోయినా అతని పిల్లలకి రావొచ్చు. తరం దాటి మళ్లీ కనిపించింది, దోషమేదో ఉందని జనం అనుకునేది ఇలాంటి చోటే. ఎస్‌డీహెచ్‌బీ అయితే పాకే స్వభావం ఎక్కువ. ఆ లోపమున్న పిల్లలకి 6 నుంచి 10 ఏళ్ల మధ్యే పరీక్షలు మొదలుపెట్టమంటారు, మిగతా ఎస్‌డీహెచ్ లోపాలకి 10 నుంచి 15 మధ్య. మీ ఇంట్లో పిల్లలిద్దరూ ఆ వయసులు దాటుతున్నారు, కాబట్టి అత్తయ్య గారి రిపోర్టు రాగానే కదలండి. ఈలోగా ఇద్దరికీ బీపీ చూపించడానికి జన్యు పరీక్ష అక్కర్లేదు.

ఆపరేషన్ రోజున పాథాలజీ వాళ్లని ఒకటి అడగండి: గడ్డ ముక్క మీద ఎస్‌డీహెచ్‌బీ రంగు పరీక్ష చేయగలరా అని. కణాల్లో రంగు పట్టకపోతే ఎస్‌డీహెచ్ లోపానికి బలమైన సూచన, జన్యు ప్యానెల్ కంటే చవక. పారాఫిన్ బ్లాకు (గడ్డ ముక్కని మైనంలో పెట్టి దాచేది) తిరిగి అడిగి తెచ్చుకుని చల్లటి చోట దాచండి. రిపోర్టులో ‘బినైన్’ (పాకనిది) అని రాసినా ఇక మర్చిపోవచ్చనుకోకండి. 2017 నుంచి ప్రపంచ ఆరోగ్య సంస్థ వర్గీకరణలో ఈ గడ్డలకి ఆ మాటే తీసేశారు, ఏదైనా ఎంతో కొంత పాకగలదనే లెక్క.


గౌతమీ ల్యాబ్ (కాకినాడ)

ఆపరేషన్ తర్వాత మెటానెఫ్రిన్ ఆసుపత్రిలో ఉండగానే తీయించకండి. నొప్పి, మందులు, ఒత్తిడితో ఎక్కువ చూపిస్తుంది. కోలుకున్నాక, రెండు నుంచి నాలుగు వారాలకి. ఇప్పుడు ఏ ల్యాబ్‌లో, ఏ పద్ధతిలో చేయించారో అక్కడే చేయించండి, లేకపోతే అంకెలు పోల్చలేం. ఆ తర్వాత ఏటా ఒకసారి. ఎమిట్రిప్టిలిన్ మళ్లీ మొదలుపెట్టారేమో ప్రతిసారీ అడిగి చూసుకోండి, తలనొప్పి అనగానే మళ్లీ అదే రాసేస్తారు.